కారుణ్య మరణం చట్టమైతే సమాజంలో ఏం మారుతుంది: దేశాల పోలిక, మనకు పనికొచ్చే ఎంపిక

"కారుణ్య మరణం" అన్న ఒక్క మాట కింద మన పత్రికలు నాలుగు వేర్వేరు పనులను కలిపి రాసేస్తుంటాయి. ఏ దేశపు పద్ధతి మెరుగో తేల్చుకోవాలంటే ముందు ఈ నాలుగింటినీ విడదీసుకోవాలి. లేకపోతే వాదన మొదలైన ఐదు నిమిషాలకే పక్కదారి పడుతుంది.

మొదటిది, వెంటిలేటర్, డయాలసిస్, గొట్టంతో ఆహారం లాంటివి ఆపేయడం లేదా అసలు మొదలుపెట్టకపోవడం. జబ్బు తన దారిన తాను నడిచి మనిషి పోతాడు. మన దేశంలో దీనికి సుప్రీంకోర్టు అనుమతి ఉంది. రెండోది, డాక్టరు మందు రాసిస్తాడు, రోగి తన చేత్తో తానే తీసుకుంటాడు. అమెరికాలోని ఒరెగాన్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల దారి ఇది. మూడోది, రోగి కోరిక మీద డాక్టరే ఇంజెక్షన్ ఇవ్వడం. నెదర్లాండ్స్, బెల్జియం, కెనడాల్లో ఎక్కువగా జరిగేది ఇదే. నాలుగోది, స్వచ్ఛంద సంస్థ ఒకటి పక్కనుండి సాయం చేయడం, అంటే స్విట్జర్లాండ్ పద్ధతి.

నొప్పికి మార్ఫిన్ ఇవ్వడం ఈ నాలుగింటిలో దేని కిందికీ రాదు. అది మామూలు వైద్యం. మార్ఫిన్ అనగానే "ఇక పంపించేస్తున్నారు" అని ఇంటివాళ్లు బెదిరిపోవడం వల్ల తీరే నొప్పిని కూడా భరిస్తూ పోయిన క్యాన్సర్ రోగులు మన దగ్గర తక్కువేం లేరు.

ముందు చదవాల్సినవి రెండు వాక్యాలే

ఏ దేశపు చట్టమైనా పదుల పేజీలుంటుంది. సమాజం మీద దాని ప్రభావం ఎంతో అంచనా వేయడానికి అందులో రెండు వాక్యాలు వెతకండి. ఎవరికి వర్తిస్తుంది? ఆఖరి పని ఎవరి చేతుల మీదుగా జరుగుతుంది?

కాలిఫోర్నియా జనాభా సుమారు 3.9 కోట్లు, కెనడాది సుమారు 4 కోట్లు. రెండు చోట్లా 2016 జూన్‌లోనే చట్టం అమల్లోకి వచ్చింది. 2023లో కాలిఫోర్నియాలో ఈ దారిన పోయినవాళ్లు 884 మంది. అదే ఏడాది కెనడాలో 15,343 మంది. జనాభా దాదాపు సమానం, చట్టం వయసు సమానం, తేడా మాత్రం పదిహేడు రెట్లు. కాలిఫోర్నియాలో ఆరు నెలల్లో చనిపోయే జబ్బుండాలి, మందు రోగే తీసుకోవాలి. కెనడాలో ఆరు నెలల లెక్క లేదు, పని డాక్టరో నర్స్ ప్రాక్టీషనరో (మందులు రాసే అధికారమున్న నర్సు) చేస్తారు. తనంతట తాను మందు తీసుకునే వీలు కెనడాలో చాలాచోట్ల ఉన్నా, దాన్ని ఎంచుకునేవాళ్లు ఏటా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

మందు గ్లాసు తన చేత్తో ఎత్తాల్సి రావడం మనిషిని చివరి క్షణంలో కూడా ఒకసారి ఆపి అడుగుతుంది. డాక్టరు వచ్చే రోజు, గంట ఖాయమైపోయి, బంధువులంతా వచ్చి కూర్చున్నాక "ఇవాళ వద్దులెండి" అనడం అంత తేలిక కాదు. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక మనసు మారినవాళ్లను అడగండి, చెబుతారు.

ఒరెగాన్: ఇరుకైన గుమ్మం

ఒరెగాన్ ప్రజలు 1994లో ఓటు వేసి ఈ చట్టం తెచ్చుకున్నారు. కోర్టు కేసులు, రద్దు కోసం మళ్లీ పెట్టిన ఓటింగు దాటుకుని 1997లో అమలైంది. 18 ఏళ్లు నిండి, ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు డాక్టర్లు తేల్చిన వాళ్లకే ఇది వర్తిస్తుంది. రోగి నోటితో రెండుసార్లు అడగాలి, రెండింటి మధ్య 15 రోజుల ఎడం ఉండాలి. ఒకసారి కాగితం మీద రాసివ్వాలి. దానికి ఇద్దరు సాక్షులు, వాళ్లలో ఒకరైనా చుట్టం గానీ ఆస్తి దక్కే మనిషి గానీ కాకూడదు. 15 రోజులు కూడా బతకరనిపించే వాళ్లకు 2020 నుంచి ఆ గడువు సడలించారు. రాష్ట్ర నివాసి అయి ఉండాలన్న షరతును 2023లో తీసేశారు.

2024లో 607 మందికి మందు రాస్తే 376 మంది దాన్ని వాడి పోయారు. రాష్ట్రంలో జరిగే మరణాల్లో ఇది నూటికి ఒకటి కూడా కాదు. ఏటా సుమారు మూడోవంతు మంది మందు రాయించుకుని కూడా వాడరు. "కావాలంటే ఉంది" అన్న ధైర్యమే వాళ్లకు చాలు. ఈ ఒక్క విషయం చట్టం వద్దనేవాళ్లకీ కావాలనేవాళ్లకీ ఇద్దరికీ మింగుడుపడదు.

ఎందుకు అడిగారన్న కారణాలను ఒరెగాన్ ఏటా ప్రచురిస్తుంది. నొప్పి ఆ జాబితాలో పైన ఉండదు. స్వతంత్రత పోవడం, ఇష్టమైన పనులు చేసుకోలేకపోవడం, గౌరవం పోవడం ముందుంటాయి. "ఇంటివాళ్లకు భారమవుతున్నాను" అని చెప్పేవాళ్లు 40 శాతానికి పైనే. తెలుగు పాఠకులు ఆగి చూడాల్సిన అంకె ఇది. మన పెద్దవాళ్లు గుడికెళ్లి అడిగేది అనాయాస మరణం, ఇంటికొచ్చి అనేది "మీకు భారం కాకుండా పోతే చాలు". అలవాటుగా అనే ఆ మాట రేపు ఒక దరఖాస్తు ఫారంలో కారణంగా నమోదయ్యే వీలుంటే ఎన్నిసార్లు నమోదవుతుందో ఊహించుకోండి.

పేదలను తోసేస్తారన్న భయం ఒరెగాన్ లెక్కల్లో కనిపించలేదు. వాడుకున్నవాళ్లలో ఎక్కువమంది 65 దాటినవాళ్లు, తెల్లవాళ్లు, చదువుకున్నవాళ్లు, క్యాన్సర్ రోగులు. పదిలో తొమ్మిది మంది అప్పటికే హాస్పిస్ సేవలో, అంటే ఆఖరి రోజుల్లో బాధ తగ్గించే సంరక్షణలో ఉన్నవాళ్లు. అంటే నొప్పి తగ్గించే ఏర్పాటు అందాక కూడా అడిగినవాళ్లు.

లోపాలూ ఉన్నాయి. మానసిక నిపుణుడి దగ్గరికి పంపాల్సింది డాక్టరుకు అనుమానం వస్తేనే. ఈ మధ్య ఏళ్లలో అలా పంపినవాళ్లు ఏటా ఐదారుగురికి మించలేదు. మందు వాడేటప్పుడు డాక్టరు పక్కనుండాలన్న నియమం లేదు. ఆరు నెలలన్నది అంచనా మాత్రమే, తప్పుతుంటుంది. కండరాలు చచ్చుబడే జబ్బుల్లో ఆరు నెలల గీత దగ్గరికి వచ్చేసరికి రోగికి మింగే శక్తి, చెయ్యెత్తే శక్తి పోతాయి. ఈ చట్టం వాళ్లకు ఉండీ లేనట్టే. పైగా 1997 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఫెడరల్ డబ్బు దీనికి వాడకూడదు. వృద్ధులకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ మీద ఆధారపడ్డ మనిషి మందు ఖర్చు తానే పెట్టుకోవాలి.

నెదర్లాండ్స్: ముందు పని, తర్వాత లెక్క

ఇక్కడ 2002 ఏప్రిల్ 1 నుంచి చట్టం ఉంది. ఆరు నెలల షరతు లేదు. భరించలేని, తగ్గే ఆశలేని బాధ ఉండాలి, కోరిక స్వచ్ఛందంగా ఉండాలి, వేరే సహేతుకమైన మార్గం లేదని రోగీ డాక్టరూ ఇద్దరూ అంగీకరించాలి. సంబంధం లేని మరో డాక్టరు వచ్చి రోగిని చూసి అభిప్రాయం రాయాలి. ఆ తర్వాత డాక్టరు పని చేసి, ప్రాంతీయ సమీక్షా కమిటీకి నివేదిస్తాడు. ప్రతి కమిటీలో ఒక న్యాయనిపుణుడు, ఒక డాక్టరు, ఒక నీతిశాస్త్ర నిపుణుడు ఉంటారు. తనిఖీ మొత్తం మనిషి పోయాకే జరుగుతుందన్నది దీని గురించి గుర్తుంచుకోవాల్సిన మాట.

చట్టం వల్ల జరిగిన మేలు ముందు చెప్పాలి. చట్టం లేని రోజుల్లోనూ అక్కడ డాక్టర్లు ఇది చేసేవాళ్లు, చాటుగా. 1990లో ఇలాంటి మరణాల్లో 18 శాతమే అధికారులకు చేరేవి. 2005 నాటికి 80 శాతం చేరాయి. రోగి స్పష్టంగా అడగకుండానే ప్రాణం తీసిన ఘటనలు అదే కాలంలో మొత్తం మరణాల్లో 0.8 శాతం నుంచి 0.4 శాతానికి తగ్గాయి. చీకట్లో జరిగేది వెలుగులోకి రావడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు రెండో వైపు. 2003లో 1,815గా ఉన్న సంఖ్య 2024లో 9,958కి చేరింది. అంటే మొత్తం మరణాల్లో 5.8 శాతం. మానసిక రోగం కారణంగా 2023లో 138 మంది, 2024లో 219 మంది. మతిమరుపు వ్యాధి ఉన్నవాళ్లు 336 నుంచి 427కి పెరిగారు. నియమాలు పాటించలేదని కమిటీలు తేల్చేవి ఏటా ఇరవైకి లోపే.

ముందుగా రాసిపెట్టిన పత్రంతో ఎంత చిక్కు వస్తుందో 2016 నాటి ఒక కేసు చూపించింది. మతిమరుపు ముదిరిన వృద్ధురాలు ఏళ్ల క్రితం రాసిన కాగితం ఆధారంగా డాక్టరు ముందుకెళ్లింది. రోగికి చెప్పకుండా కాఫీలో మత్తుమందు కలిపారు. మధ్యలో ఆమె లేవబోతే ఇంటివాళ్లు పట్టుకున్నారు. విచారణ జరిగింది, 2019లో కోర్టు డాక్టరును నిర్దోషి అంది. 2020లో అక్కడి సుప్రీంకోర్టు, రాసిన కోరిక చెల్లుతుందని తేల్చింది. నిన్నటి మనిషి సంతకానికి ఇవాళ్టి మనిషి కదలిక అడ్డమొస్తే ఎవరి మాట నెగ్గాలన్న ప్రశ్నకు ఆ దేశం ఇచ్చుకున్న జవాబు అది. అందరికీ నచ్చాలని లేదు, మాకూ నచ్చలేదు.

ఈ పద్ధతి అక్కడ నిలబడటానికి పునాది ఫ్యామిలీ డాక్టరు. ఈ మరణాల్లో ఎక్కువ భాగం, రోగిని ఏళ్లుగా ఎరిగిన ఆ డాక్టరు చేతుల మీదుగానే జరుగుతాయి. మన దగ్గర రోగి మండల కేంద్రంలో ఒక డాక్టరును, జిల్లాలో ఇద్దరిని, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మరో ముగ్గురిని చూసి, ఫైలు చంకలో పెట్టుకుని తిరుగుతాడు. "ఈయన కోరిక నిజమైనదే" అని చెప్పగల డాక్టరు ఆ ఆరుగురిలో ఎవరు?

బెల్జియంది దాదాపు ఇదే అచ్చు, అదీ 2002 నుంచే. 2024లో 3,991 మంది, 3.6 శాతం. 2014లో పిల్లలకూ వర్తింపజేశారు. 2022లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఒక ముఖ్యమైన తప్పు ఎత్తిచూపింది. చట్టం దానంతటది తప్పు కాదు గానీ, సమీక్షా కమిషన్‌లో కూర్చున్న డాక్టరే తాను చేసిన కేసు పరిశీలనకూ కూర్చోగలిగాడు. తన పేపరు తానే దిద్దుకున్నట్టు. తనిఖీ తర్వాత జరిగే పద్ధతి ఎంచుకునే ఏ ప్రభుత్వమైనా మొదట మూయాల్సిన కన్నం ఇది.

కెనడా: గుమ్మం ఎలా వెడల్పయింది

తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడ్డ దేశం కాబట్టి దీని గురించి వాట్సాప్‌లో తిరిగే కథలు ఎక్కువ. అసలు క్రమం ఇది. 2015 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నిషేధాన్ని కొట్టేసింది. 2016 జూన్‌లో పార్లమెంటు చట్టం చేసింది, "సహజ మరణం కనుచూపు మేరలో ఉండాలి" అన్న షరతుతో. 2019లో క్యుబెక్ కోర్టు ఆ షరతు వివక్ష అంది. ప్రభుత్వం అప్పీలుకు పోలేదు. 2021 మార్చిలో షరతు తీసేసి రెండు దారులు పెట్టారు. మరణం దగ్గర్లో ఉన్నవాళ్లకు మొదటి దారి, అందులో నిర్ణీత ఎదురుచూపు గడువు లేదు. మరణం దగ్గర్లో లేకపోయినా నయంకాని జబ్బు, వైకల్యం ఉన్నవాళ్లకు రెండో దారి, అందులో పరిశీలనకు కనీసం 90 రోజులు.

2024లో మొత్తం 16,499 మంది, మరణాల్లో 5.1 శాతం. వీళ్లలో రెండో దారిన పోయినవాళ్లు 732 మంది, నూటికి నలుగురైదుగురు. అంటే "కెనడాలో పేదలను చంపేస్తున్నారు" అన్న ప్రచారం అంకెలకు నిలవదు. అత్యధికులు మరణం అంచున ఉన్న వృద్ధులు, క్యాన్సర్ రోగులు. అయినా గొడవంతా ఆ 732 చుట్టూనే ఎందుకంటే, చట్టం సమాజాన్ని పరీక్షించేది అక్కడే. ఇల్లు దొరక్క, సంరక్షకుడు దొరక్క, ఒంటరితనంతో విసిగినవాడికి ప్రభుత్వం ఇవ్వగలిగింది మరణమేనా? రెండో దారిన పోయినవాళ్లలో పేద వాడల్లో ఉన్నవాళ్ల వాటా ఎక్కువని ఒంటారియో రాష్ట్రంలో మరణాలపై విచారించే ప్రభుత్వాధికారి (కరోనర్) వేసిన సమీక్షా కమిటీ గమనించింది. 2022లో మాజీ సైనికుల శాఖ ఉద్యోగి ఒకరు, సాయం కోసం ఫోన్ చేసిన మాజీ సైనికుడికి అడగకుండానే ఈ దారి సూచించిన ఉదంతం బయటపడి దుమారం రేగింది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి కమిటీ 2025లో రెండో దారిని రద్దు చేయమంది.

ఒక్క మానసిక రోగం కారణంగానే కోరేవాళ్లకు అనుమతిని 2027 మార్చి 17 వరకు వాయిదా వేశారు. పరీక్షించే డాక్టర్లు, పద్ధతులు సిద్ధంగా లేవన్నదే కారణం. (మనసు కుంగి చనిపోవాలనిపించడం వేరు, దానికి చికిత్స ఉంది. మన దేశంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు.)

డబ్బు సంగతీ వచ్చింది. 2021 మార్పు చర్చలో ఉండగా పార్లమెంటరీ బడ్జెట్ అధికారి లెక్క కట్టారు. ఈ మరణాల వల్ల ఏడాదికి వైద్య ఖర్చులో సుమారు 14.9 కోట్ల డాలర్లు మిగులుతాయని తేలింది. మొత్తం వైద్య బడ్జెట్‌లో అది లెక్కలోకి రానంత చిన్నది. అయినా ఒకసారి ఆ అంకె కాగితం మీదికి వచ్చాక, "మిగులు కోసమే" అన్న అనుమానం పోదు. ఆరోగ్య బీమా పరిమితి దాటగానే రోగిని ఏం చేయాలో తోచని మన ఆసుపత్రుల సంగతి తెలిసినవాళ్లకు ఈ అనుమానం బరువేంటో వేరే చెప్పక్కర్లేదు.

హక్కా, మినహాయింపా

కెనడా వెడల్పయి, ఒరెగాన్ దాదాపు ఇరుకుగానే ఉండిపోవడానికి అసలు కారణం డాక్టర్ల మంచిచెడ్డలు కాదు, న్యాయ పునాది. కెనడాలో ఇది రాజ్యాంగ హక్కుగా పుట్టింది. హక్కు అన్నాక "ఆయనకుంది, నాకెందుకు లేదు" అని అడిగే ప్రతివాడికీ కోర్టు జవాబు చెప్పాలి, ప్రతి షరతూ వివక్షలా కనిపిస్తుంది. అమెరికా సుప్రీంకోర్టు 1997లోనే ఇది రాజ్యాంగ హక్కు కాదంది. అందుకే ఒరెగాన్ చట్టం శాసనం ఇచ్చిన మినహాయింపుగా మిగిలింది. దాని హద్దులు ఓటర్లు, శాసనసభే మార్చాలి.

మన దేశంలో 1996లో సుప్రీంకోర్టు జీవించే హక్కులో చనిపోయే హక్కు లేదంది. 2018లో మాత్రం చికిత్స వద్దని గౌరవంగా పోవడం రాజ్యాంగం 21వ అధికరణలోని (జీవించే హక్కు) హక్కేనని చెప్పింది. ఆ పునాది మీద రేపు డాక్టరు సాయంతో మరణం చట్టమైతే, సమానత్వ హక్కునిచ్చే 14వ అధికరణ పట్టుకుని ఒక్కో షరతునూ సవాలు చేయడం ఖాయం. పార్లమెంటు ఒరెగాన్ రాసుకున్నా కోర్టులు దాన్ని కెనడా చేస్తాయని మా అంచనా. ఏ దేశపు నమూనా మెచ్చుకునేముందైనా ఈ ఒక్కటీ ఆలోచించాలి.

స్విట్జర్లాండ్, విక్టోరియా: రెండు చిన్న పాఠాలు

స్విట్జర్లాండ్‌లో దీనికంటూ ప్రత్యేక చట్టమే లేదు. 1942 నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి 115వ సెక్షన్, స్వార్థంతో ఆత్మహత్యకు సాయపడితేనే నేరమంటుంది. స్వార్థం లేకపోతే నేరం లేదు. 1982 నాటి ఎగ్జిట్, 1998 నాటి డిగ్నిటాస్ లాంటి సంస్థలు ఆ సందులోంచే పుట్టాయి. విదేశీయులనూ అనుమతించే సంస్థలున్నాయి కాబట్టి ఖర్చు పెట్టగలవాళ్లకే దొరికే సదుపాయంగా మారింది. రుసుములే పది వేల ఫ్రాంకుల దరిదాపుల్లో ఉంటాయి, ప్రయాణం వేరే. భారతీయులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: ఇక్కడ ఆత్మహత్యకు ప్రేరణ భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలు తెచ్చే నేరం.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2017లో చట్టం చేసి 2019 జూన్ నుంచి అమలు చేసింది. ఒత్తిడి ఉండకూడదని, డాక్టరు తనంతట తాను ఈ మాట ఎత్తకూడదన్న నిబంధన పెట్టింది. చూడ్డానికి మంచి రక్షణే. కానీ అసలు ఇలాంటి దారి ఉందని తెలియని, ఇంగ్లీషు అంతగా రాని రోగి ఎప్పటికీ అడగలేడు. రక్షణ కోసం పెట్టిన గోడ చదువుకున్నవాళ్లకు తలుపైంది. 2023లో ఫెడరల్ కోర్టు తీర్పుతో ఫోనులో, వీడియోలో డాక్టరు ఈ విషయం మాట్లాడటం కేంద్ర నేరచట్టం కిందికి వచ్చే ప్రమాదం ఏర్పడింది. దూరపు ఊళ్ల రోగులు ప్రయాణం చేయక తప్పలేదు. మెల్‌బోర్న్‌లో ఉన్న పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులకు ఈ చట్టం వర్తించదు. పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉండాలి.

అవయవదానం దగ్గర మన కథ

2004 డిసెంబరులో హైదరాబాద్‌లో, కండరాలు క్షీణించే జబ్బుతో ఆఖరి దశలో ఉన్న పాతికేళ్ల చదరంగం ఆటగాడు, అవయవాలు పాడయ్యేలోపే దానం చేసి వెళ్లిపోతానని తల్లి ద్వారా ఆంధ్రప్రదేశ్ హైకోర్టును అడిగాడు. అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెడ్ అయ్యాకే తీయాలి కాబట్టి కోర్టు కుదరదంది. కొద్ది గంటల్లోనే అతను పోయాడు. నెదర్లాండ్స్, బెల్జియం, కెనడాల్లో ఇప్పుడు కారుణ్య మరణం తర్వాత అవయవదానం జరుగుతోంది. మరణ నిర్ణయం పూర్తయ్యాకే దానం మాట ఎత్తాలని, రెండు బృందాలూ వేరుగా ఉండాలని నియమాలు పెట్టుకున్నారు. మూత్రపిండాల వ్యాపారం కేసులు పోలీసు స్టేషన్లకెక్కిన మన రాష్ట్రాల్లో ఆ గీత ఎవరు కాపలా కాయాలో ముందు తేల్చాలి.

ఈ రోజు మన చేతిలో ఉన్నవి

చట్టం లేదు కాబట్టి మన దగ్గర ఏమీ జరగట్లేదనుకోవడం అమాయకత్వం. ఐసీయూ బిల్లు లక్షలు దాటాక ఒక సాయంత్రం ఇంటి పెద్దకొడుకు చేతికి కాగితం వస్తుంది. ఆసుపత్రి భాషలో దాని పేరు "లామా", అంటే డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని ఒప్పుకోలు. సంతకం పడుతుంది. అంబులెన్స్‌లో ఒకరు ఊపిరి అందించే అంబు బ్యాగు చేత్తో నొక్కుతూ ఉంటారు, ఊరు చేరాక గొట్టం తీసేస్తారు. నొప్పికి మందుండదు, ఆయాసానికి మందుండదు, ఏ రిజిస్టరులోనూ ఇది చికిత్స ఆపిన మరణంగా ఎక్కదు. నెదర్లాండ్స్‌లో 1990లో చాటుగా జరిగినదానికి ఇది మన రూపం.

దీనికి చట్టబద్ధమైన ప్రత్యామ్నాయం ఇప్పటికే ఉంది. 2018 మార్చి 9 తీర్పు, దాన్ని సులువు చేస్తూ 2023 జనవరి 24న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం లివింగ్ విల్, అంటే రేపు మాట్లాడలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే చెప్పే పత్రం, రాసుకోవచ్చు. ఎలాగంటే:

వయోజనులై, స్పృహలో, ఎవరి బలవంతం లేకుండా రాయాలి. "నాకు బాధ లేకుండా చూడండి" అన్న మాట పనికిరాదు. కోలుకునే ఆశ లేదని తేలాక వెంటిలేటర్ వద్దు, గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నం వద్దు, డయాలసిస్ వద్దు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయండి. నొప్పి మందులు, శుభ్రత, తోడు మాత్రం కొనసాగించాలని కూడా రాయండి. మీ తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు కనీసం రెండు ఇవ్వండి. ఒక్కరినే రాస్తే ఆ ఒక్కరు అమెరికాలో ఉన్న రోజునే అవసరం వస్తుంది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతో గెజిటెడ్ అధికారి చేతో ధ్రువీకరించుకోవాలి. మునుపటిలా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లక్కర్లేదు. తెలుగులో రాసి, పక్కనే ఇంగ్లీషు ప్రతి పెడితే కార్పొరేట్ ఆసుపత్రిలో అర్ధరాత్రి పని ఆగదు. ఒక ప్రతి పేరు రాసినవాళ్లకు, ఒకటి డాక్టరుకు, ఒకటి మున్సిపాలిటీ లేదా పంచాయతీలోని అధికారికి.

అమలు చేసేటప్పుడు రెండు బోర్డులుంటాయి. చికిత్స చేసే డాక్టరు, అయిదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులతో మొదటిది. జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన ఒక డాక్టరు, మరో ఇద్దరు నిపుణులతో రెండోది. ఒక్కోటి వీలైతే 48 గంటల్లో అభిప్రాయం ఇవ్వాలి. నిర్ణయాన్ని అమలుకు ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేస్తే చాలు. అభిప్రాయాలు కుదరకపోతే హైకోర్టు. లివింగ్ విల్ లేకపోయినా కుటుంబ అంగీకారంతో ఇవే మెట్లు.

పని చెడేది మూడు చోట్ల. రెండో బోర్డుకు నామినేట్ చేసిన డాక్టరు సిద్ధంగా లేకపోవడం మొదటిది. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం దీనికోసమే ఉత్తర్వు తెచ్చింది. పత్రం బీరువాలో పట్టా పాసుపుస్తకాల కింద ఉండిపోయి, దినం అయ్యాక బయటపడటం రెండోది. విదేశం నుంచి ఆఖరి విమానంలో దిగిన కొడుకో కూతురో "అన్నీ చేయండి, డబ్బు సంగతి నేను చూసుకుంటా" అనడం మూడోది. మూడోదానికి మందు ఒక్కటే: రాసిన రోజే పిల్లలందరినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి చదివి వినిపించడం.

ఏది ఎంచుకోవాలి

మీ మొదటి భయం బలహీనుల మీద ఒత్తిడి అయితే ఒరెగాన్ తరహా తప్ప వేరేదాని వైపు చూడకండి, అది కూడా మానసిక పరీక్షను తప్పనిసరి చేసి. చేతులు కదలని రోగికి అన్యాయం జరగకూడదన్నది ముఖ్యమైతే డాక్టరు చేసే పద్ధతి కావాలి, కానీ తనిఖీ ముందే జరగాలి, నెదర్లాండ్స్‌లా తర్వాత కాదు. ఇప్పటికే చాటుగా జరిగేది బయటికి రావాలన్నది మీ లక్ష్యమైతే నెదర్లాండ్స్ నివేదిక పద్ధతి చట్టం కంటే విలువైనది, దాన్ని లామా మరణాలకు రేపే వర్తింపజేయొచ్చు. స్విస్ దారి ఒక దేశం కావాలని ఎంచుకునేది కాదు, దానంతటది ఏర్పడ్డది.

తెలుగు రాష్ట్రాలకు సంబంధించి మా ఓటు క్రమం మీద ఉంటుంది. ముందు ఉపశమన చికిత్స (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం), తర్వాత లివింగ్ విల్ యంత్రాంగం, ఆ తర్వాతే డాక్టరు సాయంతో మరణం మీద చర్చ. కేరళ 2008లోనే ఉపశమన చికిత్సకు విధానం తెచ్చి పంచాయతీ దాకా తీసుకెళ్లింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది, తెలంగాణ జిల్లాల్లోనూ కేంద్రాలు పెట్టారు. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక మార్ఫిన్ నిల్వకు ఆసుపత్రులకు నాలుగైదు లైసెన్సుల బదులు గుర్తింపు ఒక్కటి చాలు. మీ నియోజకవర్గంలో ఈ చర్చ పెట్టేవాళ్లెవరైనా మొదట అడగాల్సింది, జిల్లా ఆసుపత్రి ఫార్మసీలో ఇవాళ మార్ఫిన్ మాత్ర ఉందా లేదా అని.